తిరగేసి చెక్కిన చేతికి

నా ఉంగ్రం మీద ఒక నెమలి ఉంది. ఎడమకు చూస్తుంది. మా నానమ్మ వేలి మీద ఉన్నప్పుడూ ఎడమకే చూసేది. అది పుట్టిన గుంటలో మాత్రం కుడికి చూసేదని, చిన్నప్పుడు మా చివ్వెంలలో వెండిపని చేసే ఒక అవుసుల తాత నాకు చూపించాడు.

ఆ గుంట ఉన్నది అరచేయంత ఉక్కు అచ్చు దిమ్మెలో. దాని ఒంటి నిండా గుంటలు. ఒకదాంట్లో మామిడి పిందె, ఒకదాంట్లో తామర, ఒకదాంట్లో పడగ విప్పిన నాగు, ఓ మూలన ఈ నెమలి. వేలు పెట్టి తడమమన్నాడు. పింఛం లేవాల్సిన చోట లోతు తగిలింది. కన్ను మెరవాల్సిన చోట ఆవగింజ పట్టేంత చీకటి తగిలింది.

"దీనికి కండ్లు లేవు గదా తాతా" అన్నాను.

"ఉన్నయి బిడ్డా. లోపటికి చూస్తున్నది" అన్నాడు.

ఆ మాట నాలో దిగబడిపోయింది. ఉంగ్రాన్ని అందరూ చూస్తారు. పెళ్లిలో చూస్తారు, తాకట్టు పెట్టేటప్పుడు చూస్తారు, అద్దాల పెట్టెలో పెట్టి దీపం వేసి మరీ చూస్తారు. ఉంగ్రాన్ని కన్న గుంటను ఎవరూ చూడరు. ఆ గుంటను తవ్విన చేతిని అసలే చూడరు. ఈ నాలుగు మాటలు ఆ గుంటకు, ఆ చేతికి. తాను లోతై ఇతరులను ఎత్తు చేసిన దానికి. తాను వెనుదిరిగి లోకాన్ని మనవైపు తిప్పినవాడికి.

*

అచ్చూ, మన భాష నిన్ను ఎన్ని పీటల మీద కూర్చోబెట్టిందో చూడు.

బడికి పోయిన మొదటి రోజు పలక మీద దిద్దించినవి అచ్చులు. హల్లు ఒంటరిగా పలకదు. అచ్చు వచ్చి చేయి పట్టుకుంటేనే దానికి నోరు వస్తుంది. వెండీ అంతే. రేకుగా ఉన్నంతసేపు అది పొల్లు హల్లు. నీ మీద పడుకుని లేచాకే దానికి పలుకు.

మగ్గం మీద పోగులను వరుస తప్పకుండా నిలబెట్టేదీ అచ్చే. కాగితం మీద కథ నిలబెట్టేదీ అచ్చే. నాన్న నవ్వు కొడుకు పెదాల మీద కనపడితే అచ్చు గుద్దినట్టున్నాడంటాం. కల్తీ లేని తెలుగును అచ్చ తెలుగు అంటాం. కొన్న నాటి నుంచి ఇంటికి మేలు జరిగితే ఎద్దు అచ్చొచ్చింది, ఇల్లు అచ్చొచ్చింది, ఉంగ్రం అచ్చొచ్చింది అంటాం. ఈ మాటల వేర్లు ఏ నేలలో ఉన్నా, మా ఊరి చెవికి అన్నీ ఒకే దాగలి మీద మోగినట్టుంటాయి.

ఉంగరానికీ నీ పేరే పెట్టారు పెద్దలు. ముద్ర నుంచి ముద్రిక. వేలికి పెట్టుకుని మైనం మీదో లక్క మీదో ఒత్తేది ముద్దుటుంగరం. సముద్రం దాటి పోయిన హనుమంతుడు సీతమ్మకు ఇచ్చింది రాముడి పేరున్న ఉంగరాన్నే. దూత ఎవరో ఆమె ఎరగదు, ఆ గుర్తును ఎరుగును. మనిషి నోటికి లేని నమ్మకం గుర్తుకు ఉంది. ఆ నమ్మకం అనే పదార్థంతోనే నువ్వు తయారయ్యావు.

*

అచ్చును ఎలా చెక్కుతారో ఎరుగుదువా నెమలీ? నీ పుట్టుక నీకు చెబుతాను.

మొదట కమ్మరి కొలిమి. అవుసులాయన వెండికి గురువే కానీ ఉక్కుకు కమ్మరి దగ్గరికే పోవాలి. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, అవుసుల అని ఐదు చేతులను విశ్వకర్మ పిల్లలన్నారు. ఆ ఐదు చేతుల్లో రెండు కలిసి పట్టుకుంటే తప్ప ఒక చిన్న ఉంగ్రం నిలవదు. ఉక్కు ముక్కను కాచి, నెమ్మదిగా చల్లారనిచ్చి మెత్తబరుస్తారు. మెత్తబడితేనే అది చీరణం మాట వింటుంది.

ఇక చెక్కడం. అంతా తలకిందులు, అంతా తిరగేసి. ఎత్తుగా కనపడాల్సింది లోతుగా తవ్వాలి. అన్నిటికన్నా ముందుకు పొడుచుకు రావాల్సిన ముక్కును అన్నిటికన్నా లోతున పెట్టాలి. కుడిని ఎడమ చేయాలి. శ్రీ రాయాలంటే అద్దంలో శ్రీ రాయాలి. శిల్పి రాతిలో మొహం చెక్కితే ఆ మొహం అతన్నే చూస్తుంది. అచ్చు చెక్కేవాడికి ఆ భాగ్యం లేదు. తాను చేస్తున్న దాన్ని అతను చూడలేడు. దాని వీపును చూస్తూ మొహాన్ని నమ్ముకోవాలి. మధ్యమధ్య మైనం ముద్ద అదిమి చూసుకుంటాడు. మైనం మీద ఒక్క క్షణం నెమలి లేస్తుంది. మెడ బాగుంది, కాలు సన్నబడింది. మైనాన్ని మళ్లీ నలిపేసి ముద్ద చేసి, గుంటలోకి వంగుతాడు. పని పూర్తయ్యేలోగా ఆ నెమలి ఎన్నిసార్లు మైనంలో పుట్టి మైనంలో కలిసిందో లెక్క లేదు.

ఒక నియమం ఉంది, దాన్ని తాత నాకు వేలితో తడిమించి చెప్పాడు. గుంటకు నోరు వెడల్పు, అడుగు ఇరుకు ఉండాలి. గోడలు ఎక్కడా లోపలికి గుహలా తొలిచి ఉండకూడదు. తొలిచి ఉంటే వెండి లోపలికి పోతుంది, బయటికి రాదు. "పట్టుకునే అచ్చు పనికిరాదు బిడ్డా. ఇడిసిపెట్టేదే అచ్చు" అన్నాడు. అచ్చు చెక్కే విద్యంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇంత రూపం ఇచ్చి, ఇచ్చినదాన్ని వదిలేయడం. నా ఎరుకలో తల్లులు కొందరు ఆ పని చేశారు, పంతుళ్లు కొందరు చేశారు.

చెక్కడం అయ్యాక మళ్లీ నిప్పు. దిమ్మెను పండిన రేగుపండు రంగు వచ్చేదాకా కాచి నీళ్లలో ముంచుతారు. ఆ ఒక్క మునకతో ఉక్కు రాయి కన్నా గట్టిపడుతుంది. గాజులా పెళుసూ అవుతుంది. అలా వదిలేస్తే మొదటి సుత్తి దెబ్బకే పగుళ్లు వస్తాయి. అందుకే మరోసారి, ఈసారి సన్నని సెగ మీద. తోమి తెల్లగా చేసిన ఉక్కు మీద రంగులు నడుస్తాయి. ముందు వరిగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, తర్వాత ఊదా, తర్వాత నీలం. 230 డిగ్రీల దగ్గర వరిగడ్డి రంగు కనిపిస్తుంది. చేతి కింద కొలత పరికరం లేని మనిషి, ఆ రంగు చూసి ఆ ఘడియలోనే దించేస్తాడు. గడ్డివాముల ఊళ్లో పుట్టినవాడికి ఆ రంగును వేరే ఎవరు నేర్పాలి?

అంత కటువైన ఉక్కుకు కొంచెం ఓర్పు కలిపితే అచ్చు.

*

ఇప్పుడు వెండి.

కుంపట్లో బొగ్గులు. బొగ్గుల నడుమ మూస. మూసలో వెండి ముక్కలు, చిటికెడు వెలిగారం. అసలు వెండి ఉంగ్రానికి మరీ మెత్తన. కుండ పట్టినా కొడవలి పట్టినా వంగిపోతుంది. అందుకే రాగి కలుపుతారు. నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండి, ఏడున్నర పాళ్లు రాగి అన్నది లోకమంతా ఎరిగిన పాళం. రాగి వెండికి వెన్నెముక. తాత ఊదుగొట్టం నోట పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదేవాడు. శ్వాస తెగేది కాదు. ముక్కుతో పీలుస్తూనే బుగ్గల్లోని గాలిని వదిలేవాడు. మంట నాగుపాములా సాగి మూసను నాకేది. మచ్చలేని వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి. రాగి కలిస్తే ఇంకొంచెం ముందే దిగివస్తుంది. మూసలోని ముక్కల అంచులు మొద్దుబారి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, చివరికి వెండి ఒక్కసారిగా గుండ్రని చందమామై కదులుతుంది. ఆ క్షణంలో దుకాణంలో ఎవరూ మాట్లాడేవాళ్లు కారు.

కడ్డీగా పోసి, దాగలి మీద పెట్టి కొట్టడం మొదలు. కొడితే సాగుతుంది. సాగుతూ సాగుతూ మొండికేస్తుంది. లోహం లోపల కంటికి కనపడని రవ్వలు ఉంటాయి. దెబ్బలకు అవి ఒకదాని మీద ఒకటి జరిగి జరిగి చిక్కుపడిపోతాయి. ఇక జరగవు. అప్పుడు కూడా కొడితే పగులుతుంది. అందుకని ఆపాలి. మళ్లీ కుంపటి. ఎరుపు కనపడీ కనపడనంత కాచి, నీళ్లలో ముంచితే చిక్కులన్నీ విప్పుకుని వెండి మళ్లీ పసిబిడ్డ అవుతుంది. ఆ లేత ఎరుపును పట్టుకోవడానికే అవుసుల దుకాణంలో ఎప్పుడూ కొంచెం చీకటి. ఎండ తగిలితే ఆ ఎరుపు కనపడదు, కనపడేసరికి వెండి కరిగిపోతుంది.

కొట్టడం, కాచడం, కొట్టడం, కాచడం. ఎంతసేపు కొట్టాలో తెలిసినవాడు పనివాడు. ఎప్పుడు ఆపాలో తెలిసినవాడు అవుసుల.

*

ఇక ఆ దెబ్బ.

సన్నని రేకుకు ఒక పద్ధతి, మందపాటి పట్టీకి ఒక పద్ధతి. రేకు అయితే సీసం సాయం వస్తుంది. సీసం 327 డిగ్రీలకే కరిగే సాధువు. కరిగించి అచ్చు గుంటలో పోస్తే గుంట ఎలా ఉందో అలాగే పొడుపై బయటికి వస్తుంది. అచ్చు మీద వెండి రేకు పరిచి, దాని మీద సీసపు పొడుపు పెట్టి, పైన సుత్తి. ఉక్కు దెబ్బ నేరుగా తగిలితే రేకు చిరిగిపోతుంది. సీసం మధ్యలో ఉండి దెబ్బను తాను తిని, ఒత్తిడిని మాత్రం రేకుకు ఇస్తుంది. పెద్ద కోపాన్ని మధ్యలో నిలబడి మెత్తబరిచే ఇంటి పెద్దలా.

కానీ సీసానికి ఒక గుణం ఉంది. వెండి ఒంటి మీద దాని రవ్వ ఒక్కటి మిగిలినా సరే, ఆ వెండిని మళ్లీ నిప్పులో పెడితే సీసం దాన్ని తినేస్తుంది, బొక్కలు పడతాయి. అందుకే సీసం తాకిన ప్రతి రేకునూ కాచే ముందు నలుసు కూడా మిగలకుండా రుద్ది తుడుస్తారు. చల్లగా ఉన్నప్పుడు మేలు చేసిందే వేడెక్కితే కీడు చేస్తుంది. సాయం చేసినవాడికి మర్యాదగా సెలవు చెప్పి పంపే విద్య కూడా ఈ పనిలో భాగమే.

మందపాటి పట్టీకి సీసం చాలదు. మా నానమ్మ నెమలి అలాంటిదే. కాచి మెత్తబరిచిన వెండి పట్టీ, అచ్చు మీద బోర్లా. దాని వీపున మొద్దు ఉక్కు మేకు. పెద్ద సుత్తి. తాత దెబ్బ వేసే ముందు ఊపిరి పట్టేవాడు. దెబ్బ పడ్డాక వదిలేవాడు. వెండి తెగదు, గీరుకోదు, ఒక్క రవ్వ కూడా రాలిపోదు. ప్రవహిస్తుంది. గట్టి లోహం, చల్లని లోహం, మూసీ నీళ్లు కాలువలోకి మళ్లినట్టు గుంట మూలమూలకూ పారుతుంది. మెడలోకి పోతుంది, కాలి గోళ్లలోకి పోతుంది, చివరికి ఆవగింజంత కంటిలోకి పోతుంది. గుంట నిండకముందు ఒక శబ్దం, నిండాక ఒక శబ్దం. మొదటిది బోలు, రెండోది నిండు. కళ్లు మూసుకున్నా చెప్పొచ్చు నెమలి వచ్చిందో రాలేదో.

రాకపోతే మళ్లీ కాచడం. మళ్లీ అదే గుంటలో, వెంట్రుక వాసి తేడా రాకుండా సరిగ్గా కూర్చోబెట్టడం. తేడా వస్తే నెమలికి రెండు మెడలు.

వచ్చాక, పట్టీని పట్టకారుతో తిప్పుతాడు. ఎవరూ చూడని లోతులో ఎన్నేళ్లో కుడికి చూసిన పక్షి, వెలుతురులోకి వచ్చి ఎడమకు చూస్తుంది.

ఉంగ్రాల్లో పోత ఉంగ్రం వేరు, గుద్దిన ఉంగ్రం వేరు. కరిగించి పోసిన దాంట్లో గాలి బుడగలు దాక్కునే వీలుంది. దెబ్బ తిని పుట్టిన దాంట్లో దాక్కునే చోటు లేదు. ఒళ్లంతా ఒత్తుకుని, గట్టిపడి, అంచులు తేటగా ఉంటుంది. దెబ్బను తనలో దాచుకుని ఆ దెబ్బ పేరు అందం అని చెబుతుంది.

*

ఈ నేలకు ముద్ర కొత్త కాదు.

మా సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి ఉంది. బౌద్ధ భిక్షువులు వర్షాకాలాలు గడిపిన కొండ. 2024లో అక్కడి తవ్వకాల్లో రెండడుగుల లోతున ఒక మట్టికుండ దొరికింది. కుండలో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, ఒకవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివన్నారు. అంటే పదహారు, పదిహేడు వందల ఏళ్ల వెనక. ఆ వార్త చదివిన రోజు నాకు తాత దుకాణంలోని సీసం గుర్తొచ్చింది. ఇక్కడ దెబ్బ తిని తప్పుకునే సీసం, అక్కడ తానే ఏనుగును మోసి నిలబడింది. 3,730 ఏనుగులు. ఒక్కొక్కటీ వేలి గోరంత. ఆ ఏనుగును మొదట తిరగేసి ఊహించిన మనిషి ఒకడు ఉన్నాడు. అతని ఊరు ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది. ఆ కుండ మూతి మూసినవాడి పేరు తెలియదు, ఏనుగును ఊహించినవాడి పేరు అంతకన్నా తెలియదు.

అంతకు ముందు వెండి ముక్కల మీద ఒక్కొక్క గుర్తూ వేరువేరుగా గుద్దిన కాలం ఉంది. సూర్యుడు, చెట్టు, కొండ, ఎద్దు. వాటిని విద్ధాంక నాణేలంటారు. గుద్దడమే వాటి పేరు, గుద్దడమే వాటి విలువ. దేశం నాణెం ముట్టుకోవడం నేర్చింది ఆ దెబ్బల దగ్గరే. టంకశాల అని మనం పిలిచిన చోటు, ఉంగ్రం అతుకు వేసే టంకం, ఒకే కుంపటి ముందు కూర్చునే మాటలు.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. అక్కడి గుడిలో 1195 నాటి శాసనం, 1208 నాటి శాసనం ఉన్నాయి. కాకతీయుల నాటి నల్లరాయి స్తంభాలు ఇప్పటికీ మొహం చూసుకునేంత నునుపు. నేను ఆ స్తంభాల దగ్గర నిలబడినప్పుడల్లా ఒక పోలిక మనసుకు వస్తుంది. శిల్పి ఒక్క రాతికి ఒక్క రూపం ఇచ్చి పోతాడు. ఆ రూపాన్ని చూడాలంటే మనం గుడికి పోవాలి. అచ్చు చెక్కినవాడు ఒక్క గుంట తవ్వి వెయ్యి వేళ్లకు వెయ్యి రూపాలు పంపుతాడు. శిల్పి గుడి రాజులది, శాసనం మీద పేర్లున్నాయి. అచ్చువాడి గుడి పేదవాళ్ల చేతుల మీద తిరుగుతుంది.

నిజాం కాలం వచ్చింది. 1903లో హైదరాబాదు సైఫాబాదులో యంత్రాల టంకశాల లేచింది. చార్మినార్ బొమ్మ వేసుకుని రూపాయి బయటికి వచ్చింది. హాలీ సిక్కా అని పిలిచిన ఆ రూపాయిలు సంతలో గడ్డలు, మిరపకాయలు కొన్నంత కొని, మిగిలినవి మా ఊళ్ల ఆడవాళ్ల మెడలెక్కాయి. చుట్టుపక్కల తండాల్లో లంబాడీ అవ్వలు వెండి బిళ్లలనూ నాణేలనూ ఒంటి నిండా కుట్టుకుని, పొలం గట్ల మీద నడుస్తుంటే దూరం నుంచే తెలిసేది. రాజు ముద్ర గుద్దిన వెండికి కొక్కెం వేయించి సొమ్ము చేసుకున్నారు. రాజు మారాడు, సిక్కా చెల్లకుండా పోయింది, వెండి మాత్రం వాళ్ల మెడలో చెల్లుతూనే ఉంది.

*

రెండేళ్లకోసారి మాఘమాసంలో మా మండలానికి లోకమంతా వస్తుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర. ఐదు రోజులు హైదరాబాదు–విజయవాడ రోడ్డు కూడా నడక నేర్చుకుంటుంది. కేసారం నుంచి దేవరపెట్టె గట్టుకు కదులుతుంది. గొల్లలు గజ్జెల లాగులు తొడిగి, కటార్లు పట్టి, భేరీలు మోగిస్తూ "ఓ లింగా, ఓ లింగా" అంటూ గుట్ట ఎక్కుతారు. ఆడవాళ్ల నెత్తి మీద గంపలు. చౌడమ్మ తల్లికి మొక్కులు.

ఆ జాతరలోనే చిన్నప్పుడు నేను నా మొదటి ఉంగ్రం కొనుక్కున్నాను. దుమ్ములో పరిచిన గోనెపట్టా మీద వందల ఉంగ్రాలు. రాగివి, ఇత్తడివి, వెండి పూత పెట్టినవి. పాములు, పువ్వులు, ఓంకారాలు. ఒకే అచ్చులోంచి వచ్చిన పదిహేను పువ్వులు పక్కపక్కన పడి ఉన్నాయి. ఏది తీసుకోవాలో తేల్చుకోలేక ఏడుపు మొహం పెట్టాను. నానమ్మ నవ్వి, "అన్ని ఒక్కతీరుగనే ఉన్నయి గదరా, ఏదైతేంది? నీ ఏలికి పోయినంక నీదైతది" అంది.

నీ వేలికి పోయాక నీదవుతుంది. ఒకే గుంటలోంచి వచ్చిన పదిహేను పువ్వులు పదిహేను ఊళ్లకు పోయి పదిహేను బతుకులైపోతాయి. ఒకటి గొర్రెల మంద వెంట పోతుంది, ఒకటి బాయికాడ బట్టలుతుకుతుంది, ఒకటి బొగ్గు లారీ స్టీరింగు మీద రాత్రులు తిరుగుతుంది. అచ్చు వాటిని ఒక్కటిగా కన్నది, చేతులు వాటిని వేరు చేశాయి. రెండూ కలిస్తేనే ఉంగ్రం.

*

గుద్దిన పట్టీ ఇంకా ఉంగ్రం కాదు. చుట్టాలి.

వేలి కొలత తీసుకుంటారు, దారంతోనో, కొబ్బరి ఈనెతోనో. వేలి వెడల్పు 17 మిల్లీమీటర్లు, పట్టీ మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే, రెండూ కలిపి 18. దాన్ని 22తో గుణించి 7తో భాగిస్తే 56 మిల్లీమీటర్ల పైచిలుకు. అంత పొడుగు పట్టీ కావాలి. మందాన్ని లెక్కలో కలపడం మరిచినవాడి ఉంగ్రం కణుపు దాటదు. తాతకు ఈ గుణకారం రాదు. "ఏలి సుట్టుకొల్తకు, పట్టీ మందం మూడింతలు కలుపు" అనేవాడు. బడిలో నాకు ఆ లెక్క తెలిసిన రోజు, ఆయన బడికి పోకుండా ఎక్కడికి పోయి నేర్చుకున్నాడా అని ఆశ్చర్యపోయాను. చేతులకు పోయి నేర్చుకున్నాడు.

కొన సన్నగా ఉండే ఉక్కు కడ్డీ మీద, కొయ్య సుత్తితో, మెల్లమెల్లగా వంచుతారు. ఇనుప సుత్తి తగిలితే నెమలి చెదిరిపోతుంది. వంగుతుంటే నెమలి కూడా కొంచెం వంగుతుంది. పల్లకిలో కూర్చున్న పెళ్లికూతురు తల వంచినట్టు. రెండు కొసలూ ముట్టుకున్న చోట వెలిగారం రాసి, టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంట తగిలిస్తారు. టంకం గబుక్కున మెరిసి సందులోకి పారి మాయమవుతుంది. అప్పటిదాకా మొదలూ చివరా ఉన్నది, ఇక మొదలు ఎక్కడో చివర ఎక్కడో ఎవరూ చెప్పలేనిదైపోతుంది.

తర్వాత చింతపండు పులుసులో ఉడుకు. నల్లబడిన వెండి పులుపులో తేరుకుంటుంది. కుంకుడు నురగతో తోమడం. అంచులకు ఆకురాయి. ఆకురాయి కింద రాలిన పొడి పంచెలో పట్టుకుంటారు. నేల మీద పడిన దుమ్మును కూడా వదలరు. ఆ దుకాణాల ముందు మట్టి ఊడ్చుకుపోయి నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన వెండి మెరుపును ఏరుకుని బతికిన కుటుంబాలుండేవి. ఒక ఉంగ్రం తన చుట్టూ ఎందరికి అన్నం పెట్టేదో.

*

ఉంగ్రం పనులు ఎన్నని! పెళ్లిలో బిందె నిండా నీళ్లు పోసి ఉంగరం జారవిడిస్తారు. ఇంకా ఒకరి మొహం ఒకరు సరిగా చూడని ఇద్దరు నీళ్లలో చేతులు పెట్టి వెతుకుతారు. ఉంగరం దొరికేలోగా వేళ్లకు వేళ్లు దొరుకుతాయి. కాలి వేళ్లకు మట్టెలు తొడుగుతారు. అవీ అచ్చులోంచి వచ్చినవే. నాట్లు వేసే కాలానికి అవి బురదలో దిగుతాయి, నీళ్లలో కడుక్కుని గట్టు మీద నడుస్తాయి. రోకలి కొసన బిగించిన పొన్ను కూడా ఉంగ్రమే. కర్ర చీలకుండా పట్టుకుంటుంది. మనిషి కూడా చీలకుండా పట్టుకోవడానికే ఉంగ్రమేమో అనిపిస్తుంది నాకు.

అన్ని వేళ్లకూ పేర్లు పెట్టిన మన పెద్దలు ఉంగరం పెట్టుకునే వేలికి మాత్రం అనామిక అన్నారు. పేరు లేనిది. ఆ పేరు లేని వేలికి, పేరు తెలియని మనిషి చెక్కిన గుంటలోంచి లేచిన రూపం తొడుక్కుంటాం. ఇంతకన్నా సరైన చోటు ఆ రూపానికి ఇంకెక్కడ ఉంది?

*

ఇప్పుడు కాలం వేరు. కంప్యూటరు గీసిన గీతను యంత్రం ఉక్కులో కోస్తుంది. నూనె ఒత్తిడితో నడిచే ప్రెస్సు ఒక్క అదుముకు నెమలిని నిలబెడుతుంది. దానికి కూడా నా దండం. గుంట గుంటే, దెబ్బ దెబ్బే. ఉంగరం లోపల ఇప్పుడు మరో చిన్న అచ్చు పడుతుంది. బంగారానికి 2000 నుంచి, వెండికి 2005 నుంచి భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ ఉంది. 2021 నుంచి బంగారు నగకు ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన తనదైన గుర్తు కూడా వచ్చింది. కొనేవాడికి అది భరోసా. అవుసులాయన గీటురాయి మీద గీసి చూపిన నిజాన్నే అది ఇవాళ అక్షరాల్లో చెబుతోంది. ఉంగరం స్వచ్ఛత అందులో ఉంది, ఏ కేంద్రంలో పరీక్షించారో ఆ గుర్తును బట్టి తెలుస్తుంది. ఆ నెమలి మెడను మొదట తిరగేసి ఊహించినవాడి సంగతి మాత్రం ఏ ముద్రలోనూ పట్టదు. దాన్ని పట్టడానికే ఇలాంటి మాటలు కావాలి.

మొన్న ఆ దుకాణానికి పోయాను. తాత లేడు. మనవడు ఉన్నాడు. ఉక్కు దిమ్మె ఉంది. గుడ్డలో చుట్టి, నూనె రాసి, పెట్టెలో పెట్టాడు. విప్పి చూపించాడు. మామిడి పిందె, తామర, నాగు, మూలన నెమలి. అన్నీ తేటగా ఉన్నాయి. నా వేలి మీది నెమలికి పింఛం సగం అరిగిపోయింది. కాళ్లు లేవు. కన్ను ఉన్న చోట నునుపు.

"మళ్ల గుద్దియ్యాల్నా అన్నా? అచ్చు ఉన్నది గదా, కొత్తగ అయితది" అన్నాడు.

నేను ఉంగ్రం తీసి దిమ్మె పక్కన పెట్టాను. ఒకటి నిండు, ఒకటి అరుగుదల. అరిగిన వెండి ఎక్కడికి పోయిందో లెక్క వేసుకున్నాను. చద్ది కలిపిన గిన్నెల్లోకి పోయింది. నారు పీకిన మళ్లలోకి పోయింది. కుడితి కలిపిన తొట్లలోకి, పిల్లల తల దువ్విన దువ్వెన పళ్లలోకి పోయింది. జ్వరం చూసిన నా నుదుటి మీదికీ పోయింది. ఆ పింఛం ఎవరూ దొంగిలించలేదు. నానమ్మ దాన్ని కొంచెం కొంచెం పంచిపెట్టింది.

అచ్చులో ఉన్నది చెక్కినవాడి నెమలి. నా వేలి మీద ఉన్నది నానమ్మ నెమలి. ఒకరు తిరగేసి లోతు చేశారు, ఒకరు తడుముతూ నునుపు చేశారు. రెండు చేతులకూ పేరు లేదు. మళ్లీ గుద్దితే రెండో చేతిని తుడిచేసినట్టే.

"వద్దు తమ్మీ. గట్లనే ఉండనియ్యి" అన్నాను.

అతను అర్థమైనట్టు తలూపి, దిమ్మెను మళ్లీ గుడ్డలో చుట్టాడు. చుట్టే ముందు ఒక్కసారి నేను గుంటలో వేలు పెట్టి తడిమాను. ఆవగింజ పట్టేంత చీకటి అక్కడే ఉంది. లోపలికి చూస్తూ.

ఉంగ్రం వేలికి పెట్టుకుని రోడ్డెక్కాను. పెద్దగట్టు వైపు పొద్దు వాలుతోంది. కన్ను లేని నెమలి ఎడమకు చూస్తూనే ఉంది.